మూసా (అ) కథ ఎవరిది?



మొన్న ఆషూరా రోజు ఇంట్లో అందరం రోజా ఉన్నాం. మగ్రిబ్‌కి ఇంకా పావుగంట ఉంది. దస్తర్‌ఖాన్ పరిచి ఖజూర్లు, పకోడీలు సర్దుతున్నాం. ఏడో తరగతి చదివే మా అమ్మాయి నీళ్ల గ్లాసులు తెచ్చి పెడుతూ అడిగింది. "అబ్బా, మూసా అలైహిస్సలాం ఫిరౌన్ నుంచి బయటపడిన రోజని కదా ఈ రోజా? ఆయన యూదుల నబీ కదా? యూదులు మన దుష్మన్‌లు కదా? మరి వాళ్ల కోసం మనం ఆకలితో ఉండడం ఏంటి?"

మా అమ్మీ "తౌబా తౌబా, మూసా మన నబీ కూడా బేటీ" అంది. పిల్ల ఊరుకోలేదు. "మరైతే యూదులు దుష్మన్‌లు ఎట్లయ్యారు?" అంది. అంతలో అజాన్ వినిపించింది. నోట్లో ఖజూర్ పెట్టుకున్నాను గానీ ఆ సవాల్ గొంతులోనే ఉండిపోయింది. ఆరోజు ఇవ్వలేని జవాబు ఇప్పుడు రాస్తున్నాను. మీ ఇళ్లల్లో కూడా పిల్లలు ఇదే అడుగుతుంటారని నాకు తెలుసు.

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా స్కూల్లో ఎవడైనా పెన్సిల్ ఇవ్వకపోతే, టిఫిన్ దాచుకుని తింటే "యహూదీ" అని ఏడిపించేవాళ్లం. మాలో ఒక్కడు కూడా యూదుణ్ణి చూసినవాడు లేడు. ఆ మాట మాకు ఒక ఖౌమ్ పేరు కాదు, గాలీ. ముప్ఫై ఏళ్లు దాటాయి. ఇప్పుడు ఆ గాలీ వాట్సాప్‌లో తిరుగుతోంది. గాజాలో పసిపిల్లల జనాజాల ఫోటోల కింద జనం రాసే కామెంట్లు చూస్తే, జుల్మ్ మీద కోపం ఎక్కడ ఆగుతోందో, ఒక ఖౌమ్ మీద నఫ్రత్ ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. ఆ గీత ఎక్కడుందో మనం వెతుక్కోవాలి. అది మన దీన్ అడిగే పని.

ఆషూరా సంగతి మనందరికీ తెలిసిందే. రసూలుల్లాహ్ (స) మదీనాకు వచ్చాక అక్కడి యూదులు ఆ రోజు ఉపవాసం ఉండడం చూశారు. ఎందుకని అడిగితే, అల్లాహ్ మూసాను, ఆయన ఖౌమ్‌ను ఫిరౌన్ నుంచి కాపాడిన రోజు అన్నారు. మూసాకు మేం మీకంటే దగ్గరివాళ్లం అని చెప్పి ఆయన తానూ రోజా ఉన్నారు, సహాబాలనూ ఉండమన్నారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీస్ ఇది. ఇందులో నన్ను ఆపే విషయం ఒకటుంది. "అది మీ పండుగ, మాకేం పని" అని ఆయన అనలేదు. గులామీ నుంచి జరిగిన విముక్తి ఎవరిదైనా అది మనది కూడా అన్నట్టు నడుచుకున్నారు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే నబీ పేరు మూసాదే. ఇటుకలు మోసే ఖౌమ్, మగపిల్లల్ని చంపించే బాద్‌షా, ఆ బాద్‌షా మహల్లోనే పెరిగి ఆ బాద్‌షా ముందే నిలబడి నా ఖౌమ్‌ను వదిలిపెట్టు అన్న మనిషి. ఆ కథను అల్లాహ్ అన్నిసార్లు మనకు ఎందుకు వినిపించాడు?

యూదులు ఆ కథను ఏటా ఒక రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చెప్పుకుంటారు. తెలుగు బైబిల్లో పస్కా అనే పండుగ అది. ఆ రాత్రి భోజనాన్ని సేదర్ అంటారు, చదివే కితాబ్‌ను హగ్గదా అంటారు. మిస్ర్ నుంచి పారిపోయేటప్పుడు పిండి పులిసేదాకా ఆగే వఖ్త్ లేదని గుర్తుచేసుకోవడానికి పులియని రొట్టె తింటారు. గులామీ చేదు గుర్తుండడానికి చేదు ఆకు నములుతారు. కన్నీళ్ల గుర్తుగా ఉప్పునీళ్లు పెట్టుకుంటారు. ఇంట్లో అందరికంటే చిన్న పిల్లో పిల్లవాడో లేచి ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు అని అడగాలి. అడిగితేనే కథ మొదలవుతుంది. ఇది చదివినప్పుడు మా అమ్మాయి సవాల్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. మేం నోరు మూయించాలని చూసిన మాటతో వాళ్లు పండుగ మొదలుపెడతారు.

ఆ రాత్రి రస్మ్‌లలో నాకు రెండు బాగా నచ్చాయి. ఒకటి, ప్రతి తరంలో ప్రతి మనిషీ తానే స్వయంగా మిస్ర్ నుంచి బయటపడ్డట్టు భావించాలి. అది బాప్ దాదాల కథగా విని వదిలేసేది కాదు. రెండోది, ఫిరౌన్ ఖౌమ్ మీద పడిన అజాబ్‌లను ఒక్కొక్కటే చెబుతూ గిన్నెలోంచి ఒక్కొక్క చుక్క తీసేస్తారు. మన విడుదల కోసం మిస్ర్ మనుషులు కూడా బాధపడ్డారు, కాబట్టి మన ఖుషీ నిండుగా ఉండకూడదని దాని అర్థంగా చాలామంది చెబుతారు. దుష్మన్ బాధకు కూడా గిన్నెలో కొంచెం ఖాళీ ఉంచడం అన్నమాట. తౌరాత్ మళ్లీ మళ్లీ చెప్పే మాట కూడా ఇదే: పరదేశిని బాధపెట్టవద్దు, మీరూ ఒకప్పుడు మిస్ర్‌లో పరదేశులే.

సరే, ఇవన్నీ పండుగ మాటలు. నిజంగా ఫిరౌన్ గుమ్మంలోకి వస్తే ఏం చేశారు?

1940 నవంబర్‌లో నాజీలు వార్సా నగరంలో ఒక ముక్కకు గోడ కట్టి మూసేశారు. మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ చోట 4 లక్షలకు పైగా యూదుల్ని కుక్కారు. ఆకలితో, టైఫస్‌తో వేలమంది పోయారు. 1942 జులై నుంచి సెప్టెంబర్ దాకా రెండు నెలల్లో సుమారు రెండున్నర లక్షల మందిని రైళ్లలో ట్రెబ్లింకాకు తీసుకెళ్లి విషవాయువుతో చంపారు. మిగిలినవాళ్లను కూడా తీసుకుపోవడానికి 1943 ఏప్రిల్ 19న జర్మన్ సైన్యం గెట్టోలోకి వచ్చింది. ఆ సాయంత్రమే సేదర్. ఆ పొద్దున సుమారు 700 మంది కుర్రాళ్లు, అమ్మాయిలు పిస్తోళ్లు, చేతి గ్రెనేడ్లు, పెట్రోలు సీసాలతో ఎదురు తిరిగారు. వాళ్ల కమాండర్ మొర్దెకాయ్ అనియెలెవిచ్‌కు ఇరవై నాలుగేళ్లు. గెలుస్తామని వాళ్లలో ఎవరూ అనుకోలేదు. సైన్యం ఒక్కో ఇంటికీ నిప్పు పెట్టుకుంటూ వచ్చినా దాదాపు నెలరోజులు నిలిచారు. మే 16న జర్మన్ జనరల్ అక్కడి పెద్ద యూద ప్రార్థనాలయాన్ని పేల్చి పని అయిపోయిందని ప్రకటించాడు.

జర్నలిస్టుగా నన్ను తుపాకుల కంటే ఎక్కువగా కదిలించింది అదే గెట్టోలోని ఇంకో పని. ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్రకారుడు కొన్ని డజన్ల మందిని కూడగట్టి అక్కడి బతుకుని రాయించాడు. డైరీలు, రేషన్ కార్డులు, గోడపత్రికలు, పిల్లలు స్కూల్లో రాసిన వ్యాసాలు, చాక్లెట్ కాగితాలతో సహా అన్నీ పోగుచేశారు. ఇనుప పెట్టెల్లో, పాల క్యాన్‌లలో పెట్టి నేలలో పాతిపెట్టారు. 1944 మార్చిలో రింగెల్‌బ్లుమ్‌నీ, ఆయన భార్యనీ, కొడుకునీ చంపేశారు. 1946లో పెట్టెలు, 1950లో పాల క్యాన్‌లు శిథిలాల కింద దొరికాయి. దీన్ని మన జబాన్‌లో గవాహీ అంటాం. జాలిమ్ ముందు మనిషి చేయగలిగింది ఇంకేమీ లేనప్పుడు కూడా గవాహీ ఉంటుంది. అదీ పోరాటమే. ఈరోజు గాజాలో ప్రెస్ జాకెట్ వేసుకుని కెమెరా పట్టుకుని చనిపోతున్న ఫలస్తీనీ జర్నలిస్టులను చూసినప్పుడల్లా నాకు ఆ పాల క్యాన్‌లు గుర్తొస్తాయి.

ఆ తిరుగుబాటు నాయకుల్లో మారెక్ ఎడెల్మన్ బతికి బయటపడ్డాడు. ఆయన ఇజ్రాయెల్ వెళ్లలేదు. పోలండ్‌లోనే ఉండి గుండె వైద్యుడయ్యాడు. కమ్యూనిస్టు సర్కార్ మీద కార్మికులు లేచినప్పుడు వాళ్ల పక్షాన నిలిచాడు, 1981లో నిర్బంధంలోకి వెళ్లాడు. 1993లో బోస్నియా ముస్లింలు ఎక్కువగా ఉన్న సరాయెవో ముట్టడిలో ఉంటే, సహాయ సామగ్రి తీసుకెళ్లే వాహనాల వెంట తాను కూడా వెళ్లాడు. 2002లో ఫలస్తీనీ సాయుధ నాయకులకు బహిరంగ లేఖ రాశాడు. అమాయక పౌరుల్ని చంపడం ఆపమని అందులో అడిగాడు. అయితే వాళ్లను టెర్రరిస్టులని పిలవకుండా, ఒకప్పటి పోరాటయోధుడు మరో పోరాటయోధుడికి రాసినట్టు రాశాడు. ఇజ్రాయెల్‌లో చాలామంది ఆయన మీద మండిపడ్డారు. 2009లో చనిపోయేదాకా ఆయన లెక్క మారలేదు. మజ్లూమ్ ఎవరో ముందు చూసేవాడు, మజహబ్ తర్వాత.

సరాయెవో పేరు వచ్చింది కాబట్టి ఈ కథలో మనవాళ్ల వంతు కూడా చెప్పాలి. అక్కడి మ్యూజియంలో 14వ శతాబ్దపు స్పెయిన్‌లో తయారైన ఒక హగ్గదా ఉంది. బంగారు రంగులతో బొమ్మలు వేసిన కితాబ్. 1942లో ఒక నాజీ జనరల్ దాని కోసం వచ్చాడు. లైబ్రేరియన్ దర్వీష్ కోర్కుత్ దాన్ని నడుములో దోపుకుని బయటికి తెచ్చి, కొండల్లోని ఒక ఊరి ఇమాం దగ్గర దాచాడని చెబుతారు. అదే రోజుల్లో కోర్కుత్, ఆయన భార్య సర్వత్ ఒక యూద అమ్మాయిని ఇంట్లో పెట్టుకుని, ఆమెకు అమీరా అని పేరు పెట్టి, ముస్లిం పనిమనిషిగా లోకానికి చూపించి కాపాడారు. యాభై ఏడేళ్ల తర్వాత 1999లో కోసోవో నుంచి సెర్బు సైన్యం అల్బేనియన్ ముస్లింలను తరిమినప్పుడు ఆ కోర్కుత్ కూతురు కూడా బేఘర్ అయింది. తల్లిదండ్రులకు యూదులిచ్చిన గుర్తింపు పత్రం నకలు చూపిస్తే యూదులే ఆమెను అక్కడి నుంచి దాటించారు. విమానాశ్రయంలో ఆమెకు ఎదురొచ్చింది ఎవరనుకున్నారు? ఒకప్పుడు ఆ ఇంట్లో "అమీరా"గా దాక్కున్న ఆ అమ్మాయి కొడుకు.

మూసా విముక్తి కథ రాసిన కితాబ్‌ని ఫిరౌన్ చేతికి చిక్కకుండా దాచింది ఒక కలిమా చదివే మనిషి. మన పిల్లలకు ఈ ఖిస్సా ఎందుకు చెప్పం?

ఇప్పుడు దక్షిణాఫ్రికాకు రండి. 1963లో అక్కడి తెల్లవాళ్ల సర్కార్ మండేలా సహచరుల్ని పట్టుకుంది. అరెస్టయినవాళ్లలో నలుగురు ఆ ఆగస్టులో జొహానెస్‌బర్గ్ పోలీస్ ఠాణా నుంచి తప్పించుకున్నారు. ఇద్దరు యూదులు, గోల్డ్‌రైక్, వోల్ప్. ఇద్దరు మన హిందుస్తానీ మూలాల ముస్లింలు, మోసీ మూలా, అబ్దుల్‌హై జస్సత్. 1964 జూన్ 12న రివోనియా కేసులో ఎనిమిది మందికి యావజ్జీవం పడింది. అందులో మండేలాతో పాటు అహ్మద్ కథ్రాడా ఉన్నాడు, గుజరాత్ నుంచి వలస వెళ్లిన ముస్లిం కుటుంబం బిడ్డ. డెనిస్ గోల్డ్‌బర్గ్ ఉన్నాడు, యూదుడు. అక్కడ జైళ్లు కూడా రంగును బట్టే. కథ్రాడాను మండేలాతో పాటు రాబెన్ దీవికి పంపారు. ఆ దీవిలో కూడా ఇండియన్ కాబట్టి కథ్రాడాకు నిండు ప్యాంటు, ఆయనకంటే పెద్దవాడైన మండేలాకు నల్లవాడు కాబట్టి నిక్కరు. గోల్డ్‌బర్గ్ తెల్లవాడు గనక ప్రిటోరియా జైల్లో వేరుగా 22 ఏళ్లు గడిపాడు. ఆయన తన తెల్లదనం అడ్డం పెట్టుకుని హాయిగా బతకొచ్చు. చాలామంది అదే చేశారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. అదే కోర్టులో వీళ్లకు వ్యతిరేకంగా నిలబడ్డ సర్కారీ ప్రాసిక్యూటర్ పెర్సీ యూటర్ కూడా యూదుడే. ఒకే కథను మోసే ఖౌమ్‌లో పుట్టిన ఇద్దరు. ఒకే సేదర్, ఒకే హగ్గదా. ఒకడు ముద్దాయిల బోనులో ఉన్నాడు, ఇంకొకడు ఫిరౌన్ తరఫున వాదిస్తున్నాడు. మరి "యూదులు ఇలాంటివాళ్లు" అని మనం ఏ నోటితో అంటాం? ఖుర్ఆన్ సూరె ఆలి ఇమ్రాన్‌లో కితాబ్ ఇవ్వబడినవాళ్ల గురించి చెబుతూ వాళ్లంతా ఒక్కలాంటివాళ్లు కారు అని తేల్చేసింది. కితాబ్ అంత స్పష్టంగా చెప్పాక మన వాట్సాప్ యూనివర్సిటీ వేరే ఫత్వా ఇస్తే ఎవరి మాట వినాలి?

ఇక గాజా. దాన్ని తప్పించుకుని ఈ వ్యాసం రాస్తే అది ముసల్మాన్ రాత కాదు, ఇన్సాన్ రాత కూడా కాదు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పౌరులు. దాన్ని నేను జిహాద్ అనలేను. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను యుద్ధంలో చంపొద్దని రసూల్ (స) చెప్పిన మాటకు మినహాయింపు నాకెక్కడా కనిపించలేదు. ఆ తర్వాత ఇజ్రాయెల్ చేసింది కూడా లోకమంతా చూసింది. పదుల వేల ప్రాణాలు. ఆసుపత్రులు, బళ్లు, రొట్టెల భట్టీలు నేలమట్టం. ఆకలినే ఆయుధంగా వాడడం. ఒకప్పుడు గోడల వెనక ఆకలితో చచ్చిన ఖౌమ్ పేరు చెప్పుకుని ఒక సర్కార్ ఇంకో ఖౌమ్‌ను గోడల వెనక ఆకలికి మాడ్చడం కంటే పెద్ద జుల్మ్ ఏముంది?

అయితే ఆ మాట గట్టిగా అన్నవాళ్లలో యూదులు కూడా ఉన్నారు. 2023 అక్టోబర్ 27న న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నిండా వేలమంది యూదులు కూర్చుని, మా పేరు మీద ఈ చావులు వద్దన్నారు. వందలమంది అరెస్టయ్యారు. ఇజ్రాయెల్‌లోని మానవహక్కుల సంస్థ బెత్సెలెమ్ 2021లోనే తమ సర్కార్‌ది అపార్థైడ్ పాలన అని రాసింది. 2025 జులైలో గాజాలో జరుగుతున్నది జాతి నిర్మూలన అని తమ దేశం లోపలి నుంచే చెప్పింది. అమీరా హాస్ అనే ఇజ్రాయెలీ జర్నలిస్టు 1993లో గాజాకు వెళ్లి అక్కడే కాపురం పెట్టింది, తర్వాత రమల్లాలో. దశాబ్దాలుగా ఫలస్తీనీల మధ్య ఉండి వాళ్ల బతుకు రాస్తోంది. ఆమె తల్లి నాజీల బెర్గెన్ బెల్సెన్ క్యాంపు నుంచి బతికొచ్చిన మనిషి. వీళ్లను వాళ్ల సొంతవాళ్లే గద్దార్ అంటారు. మూసాను కూడా ఆయన పెరిగిన మహల్లో అదే అని ఉంటారు.

నా దోస్తులు కొందరు అంటారు: "భాయ్, పిల్లలు చచ్చిపోతుంటే నీకు ఈ బారీకీలు ఎందుకు? యూదులైతేనేం, జియోనిస్టులైతేనేం?" వాళ్ల దర్ద్ నాకు అర్థమవుతుంది. కానీ ఈ దేశంలో మైనారిటీగా బతికే మనమే ఈ తేడా తెలియదంటే ఎట్లా? ఎక్కడో ఒక బాంబు పేలితే మన గల్లీలో కిరాయి ఇల్లు దొరకదు. ఎవడో చేసినదానికి మన పిల్లవాడు స్కూల్లో జవాబు చెప్పుకోవాలి. ఒకడు చేస్తే ఖౌమ్ అంతటినీ ముజ్రిమ్‌ని చేయడం ఎంత జుల్మో మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన మీద వేస్తే జుల్మ్ అయింది, మనం ఇతరుల మీద వేస్తే ఇన్సాఫ్ ఎట్లా అవుతుంది? ఒక ఖౌమ్ మీది ద్వేషం మిమ్మల్ని ఇన్సాఫ్ తప్పేలా చేయకూడదని సూరె మాయిదా చెప్పింది ఇలాంటి రోజుల కోసమే.

బనీ ఇస్రాయీల్ చేసిన తప్పులు ఖుర్ఆన్‌లో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అవి వాళ్లను తిట్టుకోవడానికి కాదు, మనం అద్దంలో చూసుకోవడానికి. దర్యా దాటిన ఖౌమ్ కూడా దారి తప్పగలదు అంటే, కలిమా చదివిన ఖౌమ్ కూడా తప్పగలదు. 1988 మార్చి 16న సద్దాం హలబ్జాలో విషవాయువు చల్లి కొన్ని వేలమంది కుర్దుల్ని చంపాడు. చంపినవాడూ, చచ్చినవాళ్లూ ముసల్మానులే. మన మస్జిదుల్లో ఆ జనాజాల కోసం ఎన్ని దువాలు జరిగాయి? సూడాన్‌లో దార్ఫూర్ గురించి మనం ఎన్నిసార్లు మాట్లాడుకున్నాం? జాలిమ్ పేరు మన పేరులా ఉంటే మన జబాన్ ఎందుకు పడిపోతుంది?

అంత దూరం కూడా వద్దు. జోడే కీ రఖమ్ తక్కువ తెచ్చిందని కోడల్ని ఏడిపించే ఇల్లు ఫిరౌన్ దర్బారు కాదా? సూట్‌కేస్‌లో ఖురాన్ షరీఫ్ పెట్టి పంపిన బిడ్డ మూడు నెలల్లో ఏడుస్తూ తిరిగొస్తే "సబర్ చెయ్ బేటీ" అని మళ్లీ అదే ఇంటికి పంపే మనం ఎవరి పక్షం? దూదేకుల ఇంటి సంబంధం వస్తే మొహం తిప్పుకుని, జుమ్మాలో ముసావాత్ మీద బయాన్ వినే మనం ఎవరి పక్షం? సొంత మనుషులకు వ్యతిరేకమైనా సరే గవాహీ చెప్పమని సూరె నిసా అడిగింది. డెనిస్ గోల్డ్‌బర్గ్, అమీరా హాస్ చేసింది అదే. మనలో ఎంతమంది చేస్తున్నాం?

ఆరోజు నమాజ్ అయ్యాక మా అమ్మాయిని పిలిచి కూర్చోబెట్టుకున్నాను. మూసా ఎవరి నబీ అని మళ్లీ అడిగింది. వాళ్లకూ, మనకూ కూడా అన్నాను. "మరి ఫిరౌన్ ఎవరు?" అంది. ఎవడి చేతిలో తాఖత్ ఉండి దాన్ని బలహీనుడి మీద వాడతాడో వాడే అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే మనం కూడా అవ్వొచ్చా?" అంది.

అవ్వొచ్చు బేటీ. అందుకే రోజా.

వచ్చే ఆషూరాకు మీ దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లల్ని అడగనివ్వండి. జవాబు తెలియకపోతే తెలుసుకుని చెబుదామనండి. దర్వీష్ కోర్కుత్ పేరు చెప్పండి, కథ్రాడా పేరు, ఎడెల్మన్ పేరు కూడా చెప్పండి. గాజా పిల్లల కోసం దువా చేయించండి. ఆ దువాలో నఫ్రత్ కలవకుండా చూడండి.

జాలిమ్ ఎవడైనా వాడికి ఎదురు నిలిచే హిమ్మత్, మజ్లూమ్ ఎవరైనా వాళ్ల పక్కన కూర్చునే తౌఫీఖ్ అల్లాహ్ మనందరికీ ఇవ్వుగాక. ఆమీన్.